తొండి అని అనుమానమా? అయితే ఎదురుగా అడగండి

తొండి ఆడేవాళ్ళ వల్ల క్లబ్బులు పాడవుతాయని అందరూ అంటారు. నేనైతే ఒప్పుకోను. "ఏమోనండీ, నాకెందుకో ఆవిడ ఆట మీద అనుమానంగా ఉంది" అని నలుగురికి ఫోన్లు చేసి, ఆ ఆవిడ కనపడగానే "ఏం వదినా, భోజనాలయ్యాయా?" అని నవ్వేవాళ్ళ వల్లే ఎక్కువ పాడవుతాయి. ఇది కాస్త ఘాటుగానే ఉంటుంది. మా క్లబ్బు వాళ్ళు కొందరు చదువుతారని కూడా తెలుసు. చదవాలనే రాస్తున్నాను.

మాది బ్రిడ్జి క్లబ్బు. పేకాట అనగానే ముఖం చిట్లించకండి. ఇందులో పైసా ఉండదు. 2020లో మన రాష్ట్రంలో నిషేధించింది ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీ, పోకర్ లాంటివాటిని. మా ఆటకి దానితో సంబంధం లేదు. 1967లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు రమ్మీ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళినప్పుడు, రమ్మీలో అదృష్టం పాలు బ్రిడ్జిలో ముక్కలు పంచేటప్పుడు ఉండేలాంటిదేననీ, ఆట మాత్రం ముఖ్యంగా నేర్పు మీద నడుస్తుందనీ తీర్పు చెప్పారు. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో మన దేశానికి బ్రిడ్జిలో బంగారు పతకం కూడా వచ్చింది. తెచ్చిన ఇద్దరిలో ప్రణబ్ బర్ధన్ గారికి అప్పటికి 60 ఏళ్ళు. అరవై ఏళ్ళకి పతకం తేగలిగే ఆట ఇంకోటి ఉంటే చెప్పండి, అదీ నేర్చుకుంటాను.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. నలుగురు ఆడతారు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. తలా 13 ముక్కలు. ముందు వేలంపాటలాగా ఎన్ని ట్రిక్కులు కొడతామో, తురుపు ఏదో పాడుకుంటారు. తరవాత ఆడతారు. మీ చేతిలో ఏముందో మీ జతగాడికి తెలియజేయడానికి రెండే దార్లు: మీరు పాడిన పాట, మీరు వేసిన ముక్క. కనుసైగ, దగ్గు, నిట్టూర్పు, గాజుల చప్పుడు, ఇవన్నీ తొండే. ముందే అనుకుని రహస్యంగా సంకేతాలు ఇచ్చుకోవడాన్ని ఆ ఆట నియమావళి అన్నిటికంటే పెద్ద నేరంగా లెక్కిస్తుంది.

లాక్‌డౌన్‌లో మొదలైంది మా క్లబ్బు. రాజమండ్రి, కాకినాడ, అమలాపురం, భీమవరం, తణుకు ఊళ్ళవాళ్ళం, అమెరికాలో ఉన్న మా పిల్లలు కొందరు. మంగళవారం, శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి ఆట. మా నాన్నగారి రోజుల్లో బ్రిడ్జి అంటే ఆఫీసర్లు, వకీళ్ళు, డాక్టర్లు సాయంకాలం క్లబ్బుకి వెళ్ళి ఆడేది. ఆడవాళ్ళకి ఆ గదిలో పని లేదు. నేను ఆ ఆట నేర్చుకున్నది వేసవి సెలవుల్లో నాలుగో చెయ్యి తక్కువైతే కూర్చోబెట్టడం వల్ల. పెళ్ళయ్యాక ముప్ఫై ఏళ్ళు మళ్ళీ పేక ముట్టలేదు. నాలాంటివాళ్ళు మా క్లబ్బులో పది పన్నెండు మంది ఉన్నారు. గుమ్మం దాటకుండా, ఎవరి అనుమతీ అడక్కుండా, వంటింటి పక్కగదిలోకి వచ్చింది ఈ బల్ల. క్లబ్బు మూతపడితే మగవాళ్ళకి ఇంకో క్లబ్బు ఉంటుంది. మాకు ఉండదు. అందుకే నాకింత పట్టుదల.

ఇప్పుడు జరిగింది చెప్తాను. మా క్లబ్బులో ఒక దంపతులున్నారు. ఇద్దరూ జోడీగా ఆడతారు, ఒకే ఇంట్లోంచి. ఆయన ఆట మామూలే. ఆవిడ ఆటే ఈ ఏడాది బాగా పెరిగింది. వరసగా మూడు వారాలు పైన నిలిచారు. ఇంకేముంది, గుసగుస మొదలైంది. "ఒకే ఇంట్లో ఉంటారు కదండీ, ఆ గదిలోంచి ఈ గదిలోకి ఏం పోతోందో మనకేం తెలుసు?" ఆ తరవాత వాళ్ళిద్దరూ తప్ప అందరూ ఉన్న ఇంకో వాట్సాప్ గ్రూపు తయారైంది. అందులో వాళ్ళు గెలిచిన చేతుల ఫోటోలు. ఓడినవి ఒక్కటీ లేదు. ఆపైన వాళ్ళు బల్ల దగ్గరికి వస్తే మిగతా ఇద్దరికీ ఏదో పని గుర్తొచ్చేది. ఒకరికి కరెంటు పోయేది, ఒకరికి నెట్టు పోయేది. గోదావరి జిల్లాల్లో ఇన్ని కరెంటు కోతలు నేనెప్పుడూ చూడలేదు.

ఆవిడ నాకు ఫోన్ చేసింది. ఏడవలేదు. ఒకే మాట అంది. "నేనేం చేశానో చెప్పమనండి అక్కా, సమాధానం చెప్తాను. చెప్పకుండా లేచిపోతే దేనికని సమాధానం చెప్పను?"

ఆవిడ తొండి ఆడిందని గానీ ఆడలేదని గానీ నేను ఈ రాతలో తేల్చడం లేదు. నా తగువు అది కాదు. ఇంతమంది చదువుకున్నవాళ్ళం, ఒక మనిషిని దొంగ అని తీర్మానించేశాం గానీ, ఏం దొంగిలించిందో ఆవిడతో ఒక్కరూ చెప్పలేదు. ఇదీ నా తగువు.

అసలు అనుమానం ఎక్కడ పుట్టిందో చూడండి. ఒక చేతిలో. వాళ్ళిద్దరికీ కలిపి ఆఠీన్లు తొమ్మిది, ఆసూ రాజూ వాళ్ళవే, రాణి బయట ఉంది. ఇలాంటప్పుడు ఆసు, రాజు వరసగా కొట్టి రాణి పడుతుందేమో చూడమని పాఠాల్లో చెబుతారు. ఆవిడ అలా చెయ్యకుండా రాణి ఒక పక్కనే ఉందని నమ్మి దానికి తగ్గట్టు ఆడింది. రాణి అక్కడే ఉంది. "ఎలా తెలిసింది?" అని గోల. నిజానికి ఆ రెండు పద్ధతులకీ మధ్య తేడా చాలా తక్కువ, నూటికి రెండు పాళ్ళు. పైగా ఆ పక్కవాడు మొదట్లో ఒక పాట పాడాడు. బలం ఉంటేనే పాడతాడు. పాడాడంటే రాణి అతని దగ్గర ఉండే అవకాశం ఎక్కువ. ఇది లెక్క, మంత్రం కాదు. ఇదే ఆట మా క్లబ్బులో ఒక పెద్దాయన ఆడితే "ఆహా, ఏం బుర్రండీ!" అని వారం రోజులు చెప్పుకున్నారు. మగవాడు కనిపెడితే బుర్ర, ఆడది కనిపెడితే మొగుడు చెప్పాడు. ఈ ఒక్క వాక్యం కోసమే నేనీ పోస్టు మొదలుపెట్టానని అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

అలాగని అనుమానమే తప్పని నేననడం లేదు. ఆన్‌లైన్‌లో తొండి నిజంగా ఉంది. 2020లో ప్రపంచమంతా ఇళ్ళల్లో కూర్చుని ఆడినప్పుడు పెద్దపెద్దవాళ్ళే పట్టుబడ్డారు. పోలండ్ ఆటగాడు మిహావ్ నొవొసాద్స్కీ ప్రపంచ ఛాంపియన్. తాను ఆడుతూనే ఇంకో పేరుతో ప్రేక్షకుడిగా లోపలికి వచ్చి నలుగురి ముక్కలూ చూసుకున్నానని స్వయంగా ఒప్పుకున్నాడు. అంత పేరున్నవాడే చేస్తే మనూళ్ళో ఎవరూ చెయ్యరని నేనెలా చెప్తాను? ఒక ఇంట్లో ఇద్దరుంటే నోరు తెరవకుండా కూడా చెప్పుకోవచ్చు. ముప్ఫై ఏళ్ళు కాపరం చేసినవాళ్ళకి గరిటె చప్పుడులో అర్థాలు తెలుస్తాయి. కాబట్టి అనుమానించండి. అనుమానించాక ఏం చేస్తారన్నదే అసలు ప్రశ్న.

ఈ పని ఎంత కష్టమో ఆ ఆట చరిత్రే చెబుతుంది. 1965లో బ్యూనస్ ఎయిర్స్‌లో ప్రపంచ పోటీలు జరిగాయి. ఇంగ్లండు జోడీ టెరెన్స్ రీస్, బోరిస్ షపీరో చేతిలో పేక పట్టుకునే వేళ్ళ లెక్కతో తమ దగ్గర ఎన్ని ఆఠీన్లున్నాయో చెప్పుకుంటున్నారని ఆరోపణ వచ్చింది. ప్రపంచ సమాఖ్య దోషులంది. ఇంగ్లండులో సర్ జాన్ ఫాస్టర్ అధ్యక్షతన నెలల తరబడి విచారణ జరిపి 1966లో నిర్దోషులన్నారు. ఒకే ఇద్దరు మనుషులు, ఒకే ఆట, రెండు తీర్పులు. ఇద్దరూ పోయారు గానీ ఆ తగువు ఇంకా ఉంది.

మనకి దగ్గర్లో జరిగింది కూడా ఉంది. 2015లో బెర్ముడా బౌల్ అనే ప్రపంచ పోటీ చెన్నైలో జరిగింది. అది మొదలవకముందే నార్వే ఆటగాడు బోయె బ్రోగెలండ్, ఒకప్పుడు తనతో ఒకే జట్టులో ఆడిన లోటన్ ఫిషర్, రాన్ ష్వార్ట్జ్ అనే ఇజ్రాయెల్ కుర్రాళ్ళ మీద బహిరంగంగా ఆరోపణ చేశాడు. ముక్కలుంచే పళ్ళెం బల్ల మీద ఎక్కడ పెడుతున్నారన్నదే వాళ్ళ సంకేతమని వీడియోలు చూసి తేల్చారు. ఇజ్రాయెల్ జట్టు చెన్నైకి రాలేదు. ఆ గాలిదుమారంలో ఇంకొన్ని జోడీలూ పడిపోయాయి. బ్రోగెలండ్ చేసిన పనిలో నాకు నచ్చింది ఒకటుంది. అతను తన పేరు పెట్టి మాట్లాడాడు. తప్పయితే తన పరువే పోతుందని తెలిసి మాట్లాడాడు. మా రెండో వాట్సాప్ గ్రూపులో అలా ఎవరు మాట్లాడారు? "అందరూ అనుకుంటున్నారు" అని తప్ప "నేననుకుంటున్నాను" అన్నవాళ్ళు లేరు.

అదే ఏడాది ఇటలీ పుట్టుక ఆటగాళ్ళు ఫాంటోని, నునెస్ మీద కూడా ఆరోపణ వచ్చింది. యూరప్ సమాఖ్య నిషేధం వేసింది. 2018లో క్రీడల అంతర్జాతీయ మధ్యవర్తిత్వ న్యాయస్థానం సాక్ష్యం చాలదని ఆ నిషేధాన్ని కొట్టేసింది. వీడియోలున్నాయి, నిపుణులున్నారు, లెక్కలున్నాయి, అయినా చాల్లేదు. 2021లో ఫాంటోని ఉన్న ఇటలీ జట్టుతో ఆడమని మిగతా దేశాల జట్లు మానుకున్నాయి. ఆటలు వదులుకున్నాయి గానీ ఎదురు కూర్చోలేదు. దానికి మన భాషలో మాట ఉంది: వెలి. అక్కడైనా అది అందరికీ తెలిసేలా, కారణం చెప్పి చేశారు. మనం చేసేది కారణం కూడా చెప్పని వెలి. అంతమంది నిపుణులు తేల్చలేకపోయినదాన్ని, మనం నాలుగు ఫోటోలు చూసి, సీరియల్ మధ్యలో వచ్చే ప్రకటనల టైములో తేల్చేశాం.

జూదం గురించి మనకి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. నన్నయ గారు సభాపర్వాన్ని తెలుగు చేసింది మా రాజమహేంద్రవరంలోనే. ఆ సభలో తొండి పాచికలు వేసినవాడు శకుని, నిజమే. కానీ ద్రౌపది నిలదీసింది శకునిని కాదు, సభని. ధర్మరాజు తన్నోడి నన్నోడెనా, నన్నోడి తన్నోడెనా అని ఆవిడ అడిగింది న్యాయం తేల్చమని. పెద్దలందరూ ఉన్నారు. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మం అన్నాడు. కుర్రాడైన వికర్ణుడు మాత్రం లేచి మాట్లాడాడు. ఇన్ని వందల ఏళ్ళుగా వింటున్నాం గదా ఈ కథ, శకునిని తిట్టుకోవడం తప్ప సభ నుంచి ఏం నేర్చుకున్నట్టు? అడిగినదానికి జవాబు చెప్పకపోవడం పెద్దరికం కాదు.

ఇక నాకు వచ్చిన జవాబులు. "ఆటే కదండీ, డబ్బులా దస్కమా, వదిలేయండి" అన్నారు ఒకరు. డబ్బు లేని చోట పోయేది నమ్మకమే. డబ్బయితే మళ్ళీ సంపాదించుకోవచ్చు. ఆటే కదా అని వదిలేసేవాళ్ళు మరి ఆ మనిషిని ఎందుకు వదల్లేదు?

"మనోళ్ళే, అడిగితే బాగోదు, నొచ్చుకుంటారు" అన్నారు ఇంకొకరు. మన గోదావరి మర్యాద ఇదే. ముఖం మీద అడగడం అమర్యాద, వీపు వెనక అనడం మాత్రం కాదు. పెళ్ళిసంబంధాల నుంచి ఆస్తి పంపకాల దాకా ఇదే తంతు. అడిగితే ఒక పూట నొచ్చుకుంటారు. అడక్కపోతే జన్మంతా నొచ్చుకుంటారు, కారణం తెలియకుండా. పక్కన పిల్లలు కూడా చూస్తున్నారండీ. "వాళ్ళు దొంగాట ఆడుతున్నారుట" అని భోంచేస్తూ చెప్పి, మర్నాడు వాళ్ళింటి పేరంటానికి వెళ్ళి పసుపు రాయించుకుని వస్తే, ఆ పిల్లలకి మనం నేర్పింది ఏ ఆట?

"తప్పు చెయ్యనివాళ్ళయితే కెమెరా పెట్టుకుని ఆడొచ్చుగా" అని మూడో మాట. ఇది చెప్పినవాళ్ళు మగవాళ్ళు. రాత్రి తొమ్మిదింటికి నైటీలో, పక్కన మంచం మీద అత్తగారు పడుకుని ఉండగా, నలభై మందికి మన ఇల్లు చూపించమనడం తేలికా? పెట్టాలంటే అందరికీ ఒకే పద్ధతి పెట్టండి. ఫోను పక్కనుంచి బల్లా చేతులూ మాత్రమే కనపడేలా, అందరూ, ప్రతిసారీ. అనుమానం వచ్చిన ఒక్క ఇంటికి మాత్రమే కెమెరా పెడితే అది సోదా.

మనకి తెలిసిన పద్ధతి ఒకటుంది, దాన్నే వాడుకోమంటాను. చీటీలు వేస్తాం కదా. నెలనెలా పాట కాగానే లెక్క పుస్తకం మధ్యలో పెడతారు, అందరూ చూస్తారు. చూసినందుకు చీటీ నడిపే ఆవిడ "నన్ను దొంగంటారా" అని అలగదు. ఎందుకంటే ఆ నెల ప్రత్యేకంగా ఆవిడ మీద అనుమానం వచ్చి చూడలేదు, ప్రతి నెలా చూస్తారు. లెక్క చూడటం అలవాటైతే అవమానం ఉండదు.

మా ఆటలో లెక్క పుస్తకం అంతకంటే బాగుంది. ఆన్‌లైన్‌లో వేసిన ప్రతి ముక్కా రికార్డవుతుంది. పైగా అవే చేతులు అన్ని బల్లల మీదా ఆడతారు కాబట్టి ఎవరు ఎక్కడ ఏం చేశారో పోల్చి చూడొచ్చు. అందుకని నేను కమిటీ ముందు పెడుతున్నవి ఇవి. నెలకోసారి చీట్లు తీసి రెండు జోడీల ఆట మొత్తం చూడండి. ఎవరి పేరు వస్తే వాళ్ళది, నాది వచ్చినా సరే. గెలిచిన చేతులే కాదు, ఓడినవి కూడా. ఎదుటివాళ్ళ ముక్కలు తెలిసినవాళ్ళకి గెలుపు మాత్రమే ఎక్కువ ఉండదు, పొరపాట్లు ఉండాల్సిన చోట ఉండవు. అది తెలియాలంటే వందల చేతులు చూడాలి, ఒక్క ఆఠీన్ రాణి చాలదు. ఆట నడిచేటప్పుడు ప్రేక్షకుల్ని లోపలికి రానివ్వకండి. ఒకే ఇంటివాళ్ళు జోడీగా ఆడొచ్చు గానీ నెలలో సగం రోజులు వేరేవాళ్ళతో కూడా ఆడాలని రూలు పెట్టండి. అప్పుడు ఎవరి ఆట ఎవరిదో దానంతట అదే తెలుస్తుంది.

అనుమానం వచ్చినవాళ్ళు ఒక్కరికే చెప్పాలి, రాసి, సంతకం పెట్టి. అమెరికా బ్రిడ్జి సంఘంలో దీనికి రికార్డర్ అని ఒక మనిషి ఉంటారు. ఫిర్యాదు ఆయనకి కాగితం మీద వెళుతుంది, బల్ల దగ్గర గొడవ ఉండదు. మనకీ అలాంటి మనిషి కావాలి, మన క్లబ్బులో ఎవరికీ చుట్టం కాని మనిషి. ఆ చేతులు చూసి, నిజంగా అడగాల్సింది ఉంటే, ఆ దంపతుల్ని పిలిచి, కాగితాలు ముందు పెట్టి, "ఇక్కడ ఎందుకిలా ఆడారు?" అని అడగాలి. చెప్పుకోనివ్వాలి. తొండని తేలితే ఎన్నాళ్ళు బయట ఉండాలో ఆ శిక్ష ముందే రాసి ఉండాలి, మనిషిని చూసి తగ్గించకూడదు, పెంచకూడదు. తేలకపోతే మాత్రం, ఎంతమంది చెవుల్లో గుసగుస పడిందో అంతమందికీ "విచారించాం, ఏమీ లేదు" అని అదే గ్రూపులో, అవే వేళ్ళతో టైపు చెయ్యాలి. ఈ ఆఖరిది ఎవరికీ నచ్చలేదు. శిక్ష వేయడానికి అందరూ సిద్ధమే, మాట వెనక్కి తీసుకోవడానికి ఒక్కరూ ముందుకు రారు.

దీపావళి తరవాత మా క్లబ్బు సమావేశం ఉంది. ఈ ప్రతిపాదన నా పేరుతోనే పెడుతున్నాను. ఒప్పుకోని వాళ్ళు అక్కడే లేచి, అందరి ముందూ కారణం చెప్పాలని కోరుతున్నాను. ఆ దంపతుల్ని కూడా రమ్మని పిలిచాను, వస్తామన్నారు. ఆ రోజు కరెంటు పోకుండా ఉంటే చాలు.